పై అంతస్తులో రెండో రౌటర్: వైఫై కలుస్తుంది, నెట్ మాత్రం రాదు

గోదారి గట్టు (శనివారం, ఉదయం 9:40)

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా దీనితోనే కుస్తీ పడుతున్నాను, కాస్త దారి చూపండి.

మాది రాజమండ్రిలో మేడ ఇల్లు. ఫైబర్ కనెక్షన్, 200 ఎంబీపీఎస్ ప్లాన్. కంపెనీ వాళ్లు బిగించిన బాక్సు కింద హాల్లో టీవీ పక్కన ఉంది. నేను ఇంటి నుంచే పని చేస్తాను. నా గది పైన, వెనకవైపు. మధ్యలో స్లాబు, రెండు గోడలు అడ్డం. గదిలో సిగ్నల్ ఒక్క గీత చూపిస్తుంది, మీటింగులో నా మాట సగంలో తెగిపోతుంది.

పాత అద్దింట్లో వాడిన రౌటర్ ఒకటి అటక మీద ఉంటే దింపాను. డ్యూయల్ బ్యాండ్, గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు ఉన్నదే. ఇల్లు కట్టేటప్పుడే ఎలక్ట్రీషియన్‌తో కింది హాలు నుంచి నా గదికి ఒక నెట్ కేబుల్ విడి పైపులో వేయించి పెట్టుకున్నాను. దాని ఒక కొస కింది బాక్సులో రెండో లాన్ పోర్టుకి (ఇంట్లో పరికరాలు కలిపేది), ఇంకో కొస పై రౌటర్ నీలం రంగు వాన్ పోర్టుకి (బయటి నెట్ లోపలికి వచ్చేది) పెట్టాను. ఫోన్లో పై రౌటర్ పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఆ తర్వాత 'కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు' అని వస్తుంది. సూది పెట్టి రెండుసార్లు రీసెట్ చేశాను, అదే కథ. కస్టమర్ కేర్‌కి చేస్తే మా బాక్సు వరకే మా పని అన్నారు.

సోమవారం నుంచి మా ప్రాజెక్టు డెలివరీ ఉంది. టెన్షన్‌గా ఉంది.

ఉత్తరాంధ్ర చిన్నోడు (శనివారం, 9:52)

అన్నా, కేబుల్ గొడవ ఎందుకు? రిపీటర్ ఒకటి కొని మెట్ల దగ్గర ప్లగ్గులో పెట్టేయ్. మా ఇంట్లో అలాగే నడుస్తోంది.

కేబుల్ బాబాయ్ (శనివారం, 10:15)

చిన్నోడూ, కేబుల్ లేని ఇంటికైతే నీ మాట నిజమే. కానీ ఒకే రేడియో ఉన్న రిపీటర్ వినేదీ, తిరిగి చెప్పేదీ ఒకే చానెల్ మీద. కిందినుంచి వచ్చిన ప్రతి మాటనూ గాలిలో రెండుసార్లు పంపాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. వీడియో చూడటానికి అది చాలు. మీటింగులకు ఇబ్బంది. గోడలో కేబుల్ వేసుకున్న మనిషికి రిపీటర్ కొనమనడం నాకు మనసొప్పదు.

గోదారి గట్టు గారూ, పై రౌటర్ పారేయకండి. ముందు కొన్ని అంకెలు కావాలి. కింది వైఫైలో ఉన్నప్పుడు మీ ఫోన్‌కి ఏ ఐపీ (నెట్‌వర్కులో దాని చిరునామా నంబరు) వస్తోంది, గేట్‌వే (బయటి నెట్‌కి దారి ఇచ్చే డబ్బా ఐపీ) ఎంత? పై వైఫైలో ఎంత? పై రౌటర్ లాగిన్ పేజీలో స్టేటస్ అని ఉంటుంది, అందులో వాన్ ఐపీ ఎంత చూపిస్తోంది?

గోదారి గట్టు (శనివారం, 10:38)

కింద: 192.168.1.34, గేట్‌వే 192.168.1.1
పైన: 192.168.1.100, గేట్‌వే 192.168.1.1
పై రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ 192.168.1.37.

కేబుల్ బాబాయ్ (శనివారం, 11:05)

జబ్బు ఈ మూడు అంకెల్లోనే ఉంది.

మీ పై రౌటర్‌కి రెండు ముఖాలు. వాన్ ముఖం కింది బాక్సు వైపు, లాన్ ముఖం మీ ఫోన్ల వైపు. రౌటర్ చేసే పనల్లా ఈ వైపు వచ్చినదాన్ని ఆ వైపుకి దాటించడం. అలా దాటించాలంటే రెండు వైపులా వేర్వేరు నెట్‌వర్కులు ఉండాలి. మీకు రెండు వైపులా 192.168.1 నే. పక్కపక్కనే ఉన్న రెండు వీధులకీ మెయిన్ రోడ్డు అనే పేరు పెట్టి, ఒకటో నంబరు ఇంటికి ఉత్తరం ఇమ్మంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? 192.168.1.1 ఎక్కడ అని అడిగితే పై రౌటర్ 'నేనే' అంటుంది. ప్యాకెట్ (ఫోన్ పంపే డేటా ముక్క) కిందికి దిగదు. కొత్త మోడళ్లు ఇది పసిగట్టి తమ లాన్ నంబరును అవే మార్చుకుంటాయి. పాతవి మార్చుకోవు.

దీనికి రెండు మందులు. మొదటిది చాలా తేలిక: పై రౌటర్ లాన్ ఐపీని 192.168.5.1 గా మార్చి, కేబుల్ వాన్‌లోనే ఉంచేస్తే నెట్ వచ్చేస్తుంది. కానీ ఇంట్లో రెండు నెట్‌వర్కులు తయారవుతాయి, ఒక నాట్ (ఇంట్లోని ఐపీలన్నిటినీ ఒకే ఐపీ వెనక దాచి బయటికి పంపే పద్ధతి) మీద ఇంకో నాట్. పైనున్న ఫోన్‌కి కింది టీవీ కనిపించదు. కెమెరాల్లాంటి వాటికి బయటి నుంచి లోపలికి దారి (పోర్టు) తెరవాలంటే రెండు చోట్లా తెరవాలి. మేడ మీద అద్దెకున్నవాళ్లకి మీ నెట్ పంచుకుంటూ మీ సామాను వాళ్ల కంట పడకూడదనుకుంటే ఈ పద్ధతి కొంత నయం.

మీది ఒకే కుటుంబం, కాబట్టి రెండోదే చేయండి. పై రౌటర్‌తో రౌటర్ పని మాన్పించి వట్టి యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చే నెట్‌ని వైఫైగా పంచే డబ్బాగా వాడటం. ఇంట్లో ఐపీలు పంచేది ఒక్కటే ఉండాలి, అది కింది బాక్సు. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే చేత్తో చేయాలి, వరస ముఖ్యం:

కింది నుంచి వచ్చే కేబుల్ తీసేసి, ల్యాప్‌టాప్‌ని పై రౌటర్ లాన్ పోర్టుకి వైరుతో కలపండి. ముందు లాన్ ఐపీని 192.168.1.2 చేసి సేవ్ కొట్టండి. కొత్త నంబరుతో మళ్లీ లాగిన్ అవ్వండి. అప్పుడు డీహెచ్‌సీపీ సర్వర్ (ఐపీలు పంచేది) ఆపండి. ఆఖరున కింది కేబుల్‌ని వాన్‌లో కాకుండా లాన్ పోర్టుల్లో ఒకదానికి పెట్టండి. వాన్ పోర్టు ఖాళీగానే ఉండాలి.

నల్లమల (శనివారం, 11:20)

బాబాయ్ చెప్పినదానికి ఒక్క చేర్పు. కొన్ని ఫైబర్ బాక్సుల్లో నాలుగో లాన్ పోర్టును టీవీ సర్వీసు కోసం వేరు చేసి ఉంచుతారు. అందులో పెడితే లైటు వెలుగుతుంది, ఐపీ రాదు. ఆయన రెండో పోర్టులో పెట్టారు కాబట్టి బాధ లేదు. ఇది చదివే మిగతావాళ్లు గమనించండి, నేను దీనితో ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

గోదారి గట్టు (శనివారం, మధ్యాహ్నం 1:10)

ఇంటిల్లిపాదికీ నెట్ పోయింది! కింద కూడా! నా మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ లేదు. డీహెచ్‌సీపీ ఆపాను, కేబుల్ లాన్‌లో పెట్టాను, రెండు నిమిషాలు బాగానే ఉంది, తర్వాత అన్ని ఫోన్లూ ఆగిపోయాయి. ఇప్పుడు పై రౌటర్ లాగిన్ పేజీ కూడా రావడం లేదు. మొబైల్ డేటా మీద రాస్తున్నాను.

కేబుల్ బాబాయ్ (శనివారం, 1:18)

ముందు ఆ కేబుల్ పై రౌటర్ నుంచి పీకేయండి. కింద నెట్ వచ్చేస్తుంది, అవసరమైతే కింది బాక్సుని ఒకసారి ఆపి వేయండి. ఏదీ పాడవలేదు, కంగారు పడకండి.

డీహెచ్‌సీపీ ఆపారు, సరే. లాన్ ఐపీ మార్చారా?

గోదారి గట్టు (శనివారం, 1:31)

వచ్చింది, కింద అన్నీ నడుస్తున్నాయి. అమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఐపీ మార్చలేదు. డీహెచ్‌సీపీ ఆపితే చాలనుకున్నాను, ఎక్కడో వీడియోలో అంతవరకే చూపించారు.

కేబుల్ బాబాయ్ (శనివారం, 1:50)

వాళ్ల రౌటర్ ఐపీ 192.168.0.1 అయి ఉంటుంది, కింది దానితో ఢీకొట్టదు కాబట్టి వాళ్లకి నడిచింది. మీకు రెండూ 192.168.1.1. ఒకే ఇంట్లో ఒకే నంబరుతో ఇద్దరు ద్వారపాలకులు నిలబడ్డారు. ఫోన్లు 'ఒకటో నంబరు ఎవరు?' అని అరిస్తే ఇద్దరూ 'నేనే' అంటారు. పై రౌటర్ మాట ముందు విన్న ఫోన్లకల్లా నెట్ పోతుంది.

లాగిన్ పేజీ ఇప్పుడూ రాకపోతే కారణం వేరు. డీహెచ్‌సీపీ ఆగిపోయింది, కింది కేబుల్ కూడా పీకేశారు కదా, మీ ల్యాప్‌టాప్‌కి ఐపీ ఇచ్చే దిక్కు లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో చూడండి, 169.254 తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఎవరూ ఐపీ ఇవ్వనప్పుడు విండోస్ తనకు తానే పెట్టుకునే నంబరు అది. రీసెట్ అక్కర్లేదు. ఈథర్నెట్ సెట్టింగుల్లో చేత్తో 192.168.1.50, సబ్‌నెట్ 255.255.255.0 ఇవ్వండి. అప్పుడు 192.168.1.1 కొడితే పేజీ వస్తుంది. లాన్ ఐపీ 192.168.1.2 చేసి సేవ్ చేయండి. పని అయ్యాక ల్యాప్‌టాప్‌ని మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టడం మర్చిపోకండి, మర్చిపోతే రేపు ఇంకోచోట వైరు పెట్టినప్పుడు నెట్ రాక తల పట్టుకుంటారు.

గోదారి గట్టు (శనివారం, 2:25)

వచ్చింది! 169.254 కూడా మీరు చెప్పినట్టే కనిపించింది. పై వైఫైలో ఇప్పుడు 192.168.1.41, గేట్‌వే 192.168.1.1. గదిలో నాలుగు గీతలు, నెట్ పరుగెడుతోంది. బాబాయ్ గారూ, మీ రుణం తీర్చుకోలేను.

రెండు వైఫైలకీ ఒకే పేరు పెట్టవచ్చా?

నల్లమల (శనివారం, 2:40)

పెట్టవచ్చు, పెట్టాలి కూడా. పేరు, పాస్‌వర్డ్, భద్రత రకం మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. భద్రత డబ్ల్యూపీఏ2, ఏఈఎస్. పాత రౌటర్లలో టీకేఐపీ గానీ డబ్ల్యూఈపీ గానీ మిగిలి ఉంటే మార్చేయండి. అవి బలహీనమైనవే కాక, వాటితో వైఫై వేగం 54 ఎంబీపీఎస్ దాటదు.

చానెళ్లు మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే. కింద 1 పెడితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి. చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. ఖాళీగా ఉందని చాలామంది 3, 4 ఎంచుకుంటారు, అప్పుడు అటు ఒకటికీ ఇటు ఆరుకీ రెండింటికీ అడ్డు తగులుతారు. 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36, పైన 149 పెట్టండి.

గోదారి గట్టు (ఆదివారం, రాత్రి 8:05)

మళ్లీ నేనే. నిన్నంతా బాగుంది, ఇవాళ పగలంతా బాగుంది. సరిగ్గా ఏడింటికి అమ్మ టీవీ పెట్టేసరికి టీవీలో నెట్ వస్తూ పోతూ ఉంది. సీరియల్ రెండు నిమిషాలు వస్తుంది, గిర్రున చక్రం తిరుగుతుంది. నిన్న సాయంత్రమూ ఇంతే జరిగిందట, నాకు చెప్పలేదు. అదే సమయంలో పై రౌటర్ లాగిన్ పేజీ కూడా నాకు తెరుచుకోవడం లేదు. నా గదిలో నెట్ మాత్రం బాగానే ఉంది.

'నువ్వు ఆ డబ్బా పెట్టిన దగ్గర్నుంచే' అంటోంది అమ్మ.

ఉత్తరాంధ్ర చిన్నోడు (ఆదివారం, 8:12)

ఏడింటికి అందరూ నెట్ వాడతారు కదా అన్నా, లైన్ మీద లోడేమో.

కేబుల్ బాబాయ్ (ఆదివారం, 8:30)

లోడ్ అయితే అందరికీ నెమ్మదించాలి. టీవీ ఒక్కదానికే, అదీ టీవీ వేసినప్పుడే, అదే సమయంలో లాగిన్ పేజీ మాయం. మీ అమ్మగారు చెప్పిందే నిజం.

కింది బాక్సు లాగిన్‌లో డీహెచ్‌సీపీ పూల్ (అది పంచే ఐపీల వరస) ఎక్కడ మొదలవుతుందో చూడండి. టీవీ ఐపీ ఎంతో కూడా చూడండి.

గోదారి గట్టు (ఆదివారం, 8:47)

పూల్ 192.168.1.2 నుంచి 192.168.1.254 వరకు. టీవీకి 192.168.1.2.

కేబుల్ బాబాయ్ (ఆదివారం, 9:00)

తప్పు నాది. పూల్ ఎక్కడ మొదలవుతుందో అడగకుండా .2 పెట్టమన్నాను. ఎన్నో ఇళ్లలో చేసిన పనే, అయినా అడగాల్సింది.

ఈ బాక్సు పెట్టిన రోజు మొదట కలిపింది టీవీనే అయి ఉంటుంది, అందుకే దానికి పూల్‌లో మొదటి నంబరు దక్కింది. టీవీ వేసిన ప్రతిసారీ తన పాత నంబరే అడుగుతుంది, బాక్సు ఇచ్చేస్తుంది. ఆ నంబరును మనం పై రౌటర్‌కి చేత్తో రాసిన సంగతి బాక్సుకు తెలియదు. టీవీ ఆపి ఉన్నంతసేపూ గొడవ లేదు. వేసిన క్షణం నుంచి టీవీకి రావాల్సింది కొంత పై రౌటర్‌కి పోతుంది. మీ గదిలో నెట్ ఎందుకు బాగుందంటే, యాక్సెస్ పాయింట్‌గా పనిచేస్తున్నప్పుడు ఆ రౌటర్‌కి ఐపీ అవసరం లాగిన్ పేజీకి మాత్రమే. ఫోన్ల నుంచి వచ్చేదాన్ని అది ఐపీ చూడకుండానే అటు దాటించేస్తుంది.

కింది బాక్సులో పూల్‌ని 192.168.1.100 నుంచి 192.168.1.200 గా మార్చండి. నూటొక్క నంబర్లు ఇంటికి చాలు. టీవీని పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి మళ్లీ పెట్టండి, కొత్త నంబరు తీసుకుంటుంది. పై రౌటర్ .2 లోనే ఉండొచ్చు, ఇక ఎవరూ ఆ జోలికి రారు. ఆ నంబరు ఒక చీటీ మీద రాసి రౌటర్ అడుగున అతికించండి. రెండేళ్ల తర్వాత మీకే పనికొస్తుంది.

గోదారి గట్టు (ఆదివారం, 9:35)

టీవీకి 192.168.1.100 వచ్చింది. అరగంట నుంచి ఆగకుండా నడుస్తోంది. చీటీ కూడా అతికించాను. మీరు తప్పు మీ మీద వేసుకోకండి, మీరు లేకపోతే నేను ఇంకా సూదితో రీసెట్లు కొడుతూ ఉండేవాణ్ని.

మానేరు తీరం (సోమవారం, ఉదయం 7:20)

కరీంనగర్ నుంచి. చర్చ మొత్తం చదివిన, మంచిగ పనికొచ్చింది. నాదొక ప్రశ్న. మా ఇంటి నుంచి పొలం దగ్గర మోటారు షెడ్డుకు సుమారు 150 మీటర్లు. అక్కడ కెమెరా, ఒక రౌటర్ పెట్టాలని ఉంది. ఇదే పద్ధతిలో కేబుల్ గుంజితే అవుతదా?

కేబుల్ బాబాయ్ (సోమవారం, 7:45)

అవదు తమ్ముడూ. రాగి నెట్ కేబుల్‌కి హద్దు 100 మీటర్లు. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టి పొడిగించవచ్చు గానీ పొలంలో దానికి కరెంటు ఎక్కడిది? పైగా ఆరుబయట రాగి తీగ అంటే పిడుగుల కాలంలో భయం. దూరంగా ఎక్కడో పడినా ఆ తీగలో పుట్టే వోల్టేజీకి రెండు కొసల్లోని సామానూ పోవచ్చు. ఫైబర్ వేసి రెండు వైపులా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని రాగి నెట్ కేబుల్‌తో కలిపే డబ్బాలు) పెట్టండి, గాజు తీగలో కరెంటు పారదు. కాకపోతే ఉక్కు తీగ జత చేసిన ఫైబర్ తీసుకోవద్దు, పిడుగు భయం మళ్లీ మొదటికొస్తుంది. మధ్యలో చెట్లు అడ్డం లేకపోతే ఎదురెదురుగా చూసుకునే అవుట్‌డోర్ వైర్‌లెస్ జత పెట్టినా 150 మీటర్లు దానికి లెక్కే కాదు.

గోదారి గట్టు (సోమవారం, మధ్యాహ్నం 1:30)

ఉదయం మీటింగులన్నీ ఒక్కసారీ తెగకుండా అయ్యాయి. ఒక చిన్న అనుమానం, అత్యవసరం కాదు. కింద స్పీడ్ టెస్టులో 190 దాకా వస్తుంది. పైన 5 గిగాహెర్ట్జ్‌లో రౌటర్ పక్కనే కూర్చున్నా 93, 94 దాటడం లేదు. ఎన్నిసార్లు చూసినా అంతే.

నల్లమల (సోమవారం, 1:41)

వైఫై వల్ల అయితే అంకె ఒకసారి 120, ఒకసారి 70 అంటూ ఊగుతుంది. కదలకుండా 94 దగ్గర నిలబడిందంటే ఎక్కడో ఒక లింకు 100 ఎంబీపీఎస్‌కి దిగిపోయినట్టే. 100 లింకులో ప్యాకెట్ల మీద రాసే చిరునామాల్లాంటి అదనపు ఖర్చు పోగా చేతికొచ్చేది 94. మీ పోర్టులు రెండు వైపులా గిగాబిట్ అయితే అనుమానం గోడలోని కేబుల్ మీదే. పై కొసని రౌటర్ నుంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, విండోస్‌లో ఈథర్నెట్ వివరాల్లో లింక్ స్పీడ్ చూడండి.

గోదారి గట్టు (సోమవారం, 1:55)

100/100 అని ఉంది.

కేబుల్ బాబాయ్ (సోమవారం, 2:10)

నల్లమల గారు సరిగ్గా పట్టుకున్నారు. కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్‌కి నారింజ జత, ఆకుపచ్చ జత చాలు. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ సరిగా తగలకపోయినా చాలా పోర్టులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కరెంటు పని చేసే కుర్రాళ్లు చాలామంది క్రింపింగ్‌లో (తీగలకు ప్లగ్గు బిగించడంలో) తొందరపడతారు.

ముందు రెండు కొసల్లో పారదర్శకంగా ఉండే ప్లగ్గుని వెలుతురులో పట్టుకుని చూడండి. క్లిప్పు కిందికి ఉండేలా, బంగారు పళ్లు పైకి, తీగలు మీ వైపు వచ్చేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇలా ఉండాలి: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. ప్రతి తీగ కొసా ముందు గోడను తాకాలి. పైనున్న బూడిద రంగు తొడుగు కూడా ప్లగ్గు లోపలికి వెళ్లి నొక్కుకుని ఉండాలి.

గోదారి గట్టు (మంగళవారం, సాయంత్రం 6:20)

కింది ప్లగ్గు బాగానే ఉంది. పై ప్లగ్గుని ఫోన్ టార్చి వెలుగులో పట్టుకుని చూస్తే ఏడు తీగలు ముందు గోడను తాకుతున్నాయి. చివరి గోధుమ తీగ మాత్రం పొట్టిగా, బియ్యపుగింజలో సగమంత దూరంలో ఆగిపోయింది. దాని మీది పన్ను గాల్లోనే దిగింది.

మా వీధి చివర కంప్యూటర్ రిపేరు షాపు కుర్రాణ్ని తీసుకొచ్చాను. పాత ప్లగ్గు కోసేసి, తీగలు సరిచేసి, ఒకే గీతలో కత్తిరించి కొత్తది వేశాడు. టెస్టర్ పెడితే లైట్లు ఒకటి నుంచి ఎనిమిది వరకు రెండు వైపులా వరసగా వెలిగాయి. లింక్ ఇప్పుడు 1000/1000. పైన వైఫైలో 186.

డాలస్ నుంచి (మంగళవారం, రాత్రి 9:15)

గుంటూరులో మా అమ్మానాన్నల ఇంట్లో ఇదే ఏర్పాటు. ఇక్కడ నుంచి ఫోన్లో చెప్పి చేయించడం కష్టమని రెండేళ్లుగా వాయిదా వేస్తున్నాను. ఈ వరస ప్రింటు తీసి నాన్నకి పంపుతున్నాను. ఒక్క సందేహం: నాన్న హాల్లోంచి మేడ మీదికి వెళ్లినా ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. ఏం చేయాలి?

కేబుల్ బాబాయ్ (మంగళవారం, 9:40)

ఎప్పుడు మారాలో తేల్చుకునేది ఫోనే, రౌటర్ కాదు. కింది సిగ్నల్ మేడ మీదికి అంతో ఇంతో అందుతున్నంతసేపూ కొన్ని ఫోన్లు వదలవు. కింది బాక్సులో ట్రాన్స్‌మిట్ పవర్ తగ్గించే వీలుంటే మీడియంకి దించండి, పైకి వచ్చేసరికి సిగ్నల్ బాగా పడిపోయి ఫోన్ తనే మారుతుంది. అప్పటికీ మారకపోతే మెష్ సెట్టు (ఒకే జట్టుగా పనిచేసే రౌటర్లు) తీసుకోండి, అవి ఫోన్‌కి ఇటు రమ్మని సూచన ఇస్తాయి. ఈలోపు నాన్నగారికి వైఫై ఒకసారి ఆపి వేయమని చెప్పండి.

ఇంకోటి. కింది బాక్సుకి ఇన్వర్టర్ ఉండి పై రౌటర్‌కి లేకపోతే కరెంటు పోయినప్పుడు పైన నెట్ పోతుంది, లైన్ పోయిందని పెద్దవాళ్లు మీకు ఫోన్ చేస్తారు. రౌటర్లకు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి పంపించండి. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు చూడమనండి. 9 వోల్టుల రౌటర్‌కి 12 ఇస్తే కాలిపోవచ్చు, పిన్ను రెండింటికీ ఒకేలా పడుతుంది.

గోదారి గట్టు (మంగళవారం, 9:58)

నాది 12 వోల్టులు, ఇప్పుడే చూశాను. యూపీఎస్ రేపు తెస్తాను. డాలస్ గారూ, నాన్నగారు చేసే రోజు ఇక్కడ చెప్పండి, నేను అందుబాటులో ఉంటాను. లాన్ ఐపీ ముందు, డీహెచ్‌సీపీ తర్వాత, కేబుల్ ఆఖరున.